బంపరు మీద గీత, పిల్లాడి గడ్డం కింద కుట్లు

మన సాఫ్ట్‌వేర్ జనాలకి కారు ఇన్సూరెన్స్ అంటే ఏడాదికోసారి వచ్చే పండగ లాంటిది. రెన్యువల్ తేదీ దగ్గర పడగానే నాలుగు సైట్లు తెరిచి, రేట్లు పోల్చి, ఎక్సెల్ షీటు ఒకటి చేసి, మొత్తానికి పోయినేడు కంటే మూడొందల డెబ్భై తక్కువకి కొట్టేశామని లంచ్ టేబుల్ దగ్గర చెప్పుకుంటాం. పాలసీ పీడీఎఫ్ మెయిల్లో పడుతుంది. దాన్ని తెరిచి చివరిదాకా చదివిన మనిషి నాకింతవరకూ తగల్లేదు. కింద దాకా స్క్రోల్ చేసి "ఐ అగ్రీ" నొక్కే జాతి కదా మనది.

మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టమేం లేదు. గోడకి గీసుకుంటే షోరూం వాడే అన్నీ చూసుకుంటాడు. అసలు తంటా అంతా చిన్న యాక్సిడెంట్ జరిగి, అవతల ఒక చిన్న పిల్లాడు ఉన్నప్పుడే. ఆ పది నిమిషాల్లో చదువుకున్నవాళ్ళు, లక్షల్లో జీతాలు తీసుకునేవాళ్ళు, చేసే పనులు చూస్తే ఒక్కోసారి మతిపోతుంది.

మా వైపు ఒక అపార్ట్‌మెంట్లో జరిగింది చెప్తాను. (ఏదో చెప్పను. మియాపూర్ నుంచి కొండాపూర్ దాకా అన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి మీదే అనుకున్నా ఇబ్బంది లేదు.) వాచ్‌మన్ కొడుక్కి ఎనిమిదేళ్ళు. మూడో ఫ్లోర్ వాళ్ళబ్బాయికి పొట్టిదైపోయిన సైకిల్ వీడికి దక్కింది. బ్రేకులు అంతంత మాత్రం. సెల్లార్ ర్యాంపు మీద నుంచి జర్రున జారుకుంటూ రావడం వాడి ఆట. ఒక శనివారం సాయంత్రం, సెల్లార్లో మలుపు తిరిగి పైకి ఎక్కుతున్న కారుకి ఎదురొచ్చి గుద్దుకున్నాడు. కారు వేగం పదో పదిహేనో ఉంటుందేమో, అంతే. బంపరు ఓ మూల పగిలింది, లోపల క్లిప్పులు విరిగాయి. పిల్లాడికి గడ్డం కింద చీరుకుపోయింది, నుదురు బొప్పి కట్టింది.

కారాయన దిగాడు. దిగి ముందు బంపరు చూశాడు.

ఆయన్ని రాక్షసుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. మంచాయనే. పిల్లాణ్ణి తన కార్లోనే పక్క వీధి క్లినిక్కి తీసికెళ్ళాడు, మూడు కుట్లు వేయించాడు, డబ్బులు తనే కట్టాడు. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే మాత్రం "సైకిల్ మీంచి పడ్డాడు" అన్నాడు. వాచ్‌మన్ పక్కనే నిలబడి తలూపాడు. సార్ చెప్పింది కాదని ఎలా అంటాడు మరి? సోమవారం షోరూంలో ఎస్టిమేటు 14,500 అన్నారు. ఆ వారంలోనే అసోసియేషన్ మీటింగులో తేలిందేంటంటే, వాచ్‌మన్ జీతంలోంచి నెలకి రెండు వేల చొప్పున ఏడు నెలలు పట్టుకోవాలి, పై అయిదొందలు మాఫీ. పెద్ద మనసు!

"ఇన్సూరెన్స్ ఉంది కదండీ" అన్నాన్నేను.

"ఎన్సీబీ పోతుందండీ" అన్నారాయన. మీటింగులో సగం మంది నిజమేనన్నట్టు తలలూపారు.

ఈ ఒక్క మాటలో ఉంది గొడవంతా. నో క్లెయిమ్ బోనస్ అనేది ఆయన ఆస్తి. దాన్ని కాపాడుకోవాలనుకోవడంలో తప్పు లేదు, కొన్నిసార్లు అదే తెలివైన పని కూడా (లెక్క కింద చెప్తాను). కానీ ఆ కాపాడుకునే ఖర్చు ఆయన జేబులోంచి పోవాలా, సెల్లార్లో ఒంటిగదిలో ఉండే మనిషి జీతంలోంచి పోవాలా? "వాడి కొడుకే కదా వచ్చి గుద్దాడు" అంటారు. సరే, ఆ మాటనే పట్టుకుని చట్టం దగ్గరికి వెళ్దాం. అక్కడ కథ మనవాళ్ళు అనుకున్నట్టు లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 134 సెక్షను. మీ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, తప్పు ఎవరిదన్న దాంతో సంబంధం లేకుండా, డ్రైవరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాలి, దగ్గర్లోని డాక్టరు దగ్గరికో ఆస్పత్రికో చేర్చాలి (జనం మీద పడి కొట్టే పరిస్థితి లాంటిది ఉంటే తప్ప). పోలీసులకి వివరాలు చెప్పాలి. అక్కడ పోలీసు లేకపోతే దగ్గర్లోని స్టేషన్లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపు చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి: పాలసీ నంబరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి దెబ్బలు తగిలాయి, డ్రైవరెవరు, లైసెన్సు వివరాలు. ఇవేవీ చేయకపోతే 187 సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, 2019 సవరణ తర్వాత అయిదు వేల దాకా జరిమానా. అదే సెక్షన్లో డాక్టర్ల గురించి కూడా ఉంది. ఏ ఫార్మాలిటీల కోసమూ ఆగకుండా వెంటనే వైద్యం చేయాల్సిందే.

మా కారాయన మొదటి పని చేశాడు. మిగతావి చేయలేదు. చేయకపోగా "సైకిల్ మీంచి పడ్డాడు" అని రాయించాడు.

ఆ నాలుగు మాటల విలువెంతో చూడండి. యాక్సిడెంట్ కేసు అని చెప్తే ఆస్పత్రి వాళ్ళు దాన్ని ఎంఎల్సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా, రాసుకుని పోలీసులకి కబురు పెడతారు. అందుకే మనవాళ్ళకి ఆ పేరంటేనే భయం. కానీ ఆ కాగితమే రేపు పిల్లాడికి ఆధారం. తలకి తగిలిన దెబ్బ సంగతి వెంటనే బయటపడకపోవచ్చు. రాత్రికి వాంతులు మొదలవడం, మత్తుగా జోగడం, తలనొప్పి ఎక్కువవడం, ఫిట్స్ రావడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటివి కారడం, వీటిలో ఏది కనబడినా పెద్దాస్పత్రికి పరిగెత్తాల్సిందే. అక్కడ స్కానింగూ ఐసీయూ అంటూ బిల్లు లక్షల్లోకి వెళ్తే? చేతిలో ఉన్న ఏకైక చీటీ మీద "సైకిల్ మీంచి పడ్డాడు" అని ఉంటుంది. కారు లేదు, డ్రైవరు లేడు, పాలసీ లేదు. ఆ కుటుంబానికి దారులన్నీ మనమే మూసేశామన్నమాట. మా వాడికి అలాంటిదేం కాలేదు, కుట్లు విప్పిన మర్నాడే మళ్ళీ ర్యాంపెక్కాడు వెధవ. కానీ అది వాడి అదృష్టం, మన తెలివితేటలు కాదు.

రోడ్డు మీద జరిగిన యాక్సిడెంట్లకైతే ఇప్పుడు ఇంకో వెసులుబాటు వచ్చింది. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం అమల్లోకి తెచ్చింది. మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన ఎవరికైనా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా, పథకం కింద గుర్తించిన ఆస్పత్రుల్లో డబ్బు కట్టకుండా చికిత్స. రోడ్డు మీద నడిచి వెళ్ళే కూలీ పిల్లాడికైనా ఇది వర్తిస్తుంది. కానీ "యాక్సిడెంట్" అని నోరు తెరిచి చెప్తేనే! 108 కి ఫోన్ చేస్తే ఆ రికార్డు దానంతటదే మొదలవుతుంది. (108 అంటే గుర్తొచ్చింది, 2005 ఆగస్టులో హైదరాబాదులో దాన్ని మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ మన సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన సంస్థే. ఆయన గురించి ఎన్ని మాటలైనా అనుకోండి, ఆ ఒక్క నంబరు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.)

"గేటు లోపల జరిగింది, రోడ్డు కాదు కదా, కేసేంటి?" అని మీటింగులో ఒకాయన లా పాయింటు లాగారు. సగం నిజం. భారతీయ న్యాయ సంహితలో 281 సెక్షను, అంటే పాత ఐపీసీ 279, ర్యాష్ డ్రైవింగుది. అది పబ్లిక్ దారికే వర్తిస్తుంది. కానీ నిర్లక్ష్యం వల్ల మనిషికి దెబ్బ తగిలితే పెట్టే 125 సెక్షన్లో దారి ప్రసక్తే లేదు. సెల్లారైనా, స్కూలు గ్రౌండైనా ఒకటే.

ఇప్పుడు "వాడి కొడుకే వచ్చి గుద్దాడు" సంగతి. ఏడేళ్ళ లోపు పిల్లలు చేసిన పని అసలు నేరమే కాదని మన చట్టం బ్రిటిష్ కాలం నుంచీ చెప్తోంది. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్యవాళ్ళకి, చేసే పని పర్యవసానం తెలిసేంత బుద్ధి రాలేదని తేలితే, అదే వర్తిస్తుంది. అది క్రిమినల్ సంగతి. నష్టపరిహారం దగ్గరికొస్తే, పెద్దవాళ్ళ విషయంలో "నీ తప్పూ ఉంది కాబట్టి ఇంత శాతం కోత" అనే కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ వాదనని చిన్నపిల్లల మీద వాడబోతే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. పిల్లలు అడ్డొస్తారని పెద్దవాడివి నువ్వే ఊహించుకోవాలి అంటాయి. అందులోనూ పిల్లలు ఆడుకునే ర్యాంపు, కనబడని మలుపు! ఇక కొడుకు చేసినదానికి తండ్రి డబ్బు కట్టాలంటే, కొడుకు అయినంత మాత్రాన సరిపోదు. తండ్రి తన వంతు జాగ్రత్త తీసుకోలేదని చూపించాలి. నిజంగా ఇది కోర్టుకెళ్తే డబ్బు వాచ్‌మన్ నుంచి కారాయనకి కాదు, కారాయన వైపు నుంచి పిల్లాడికి ప్రవహించే అవకాశమే ఎక్కువ.

జర్మనీలో ఈ విషయాన్ని సూటిగా చట్టంలోనే రాసేశారు. అక్కడ ఏడేళ్ళ లోపు పిల్లలు చేసిన నష్టానికి పిల్లల మీద బాధ్యతే లేదు. 2002 నుంచి దానికి ఇంకోటి చేర్చారు. మోటారు వాహనంతో జరిగే యాక్సిడెంట్లలో ఆ వయసు పదేళ్ళు. కావాలని చేస్తే తప్ప పదేళ్ళ లోపు పిల్లాడు బాధ్యుడు కాడు. కారణం ఏం చెప్పారంటే, ఆ వయసు పిల్లలకి వచ్చే బండి వేగమూ దూరమూ అంచనా కట్టే శక్తి ఉండదని. అంటే ఎంత బుద్ధిమంతుడైనా ఉండదని. ఇంకా తమాషా ఏంటంటే, సరిగ్గా పార్క్ చేసి ఉన్న కారుని పిల్లాడు సైకిలుతోనో స్కూటరుతోనో గీకితే ఈ మినహాయింపు వర్తించదని 2004 లో వాళ్ళ ఫెడరల్ కోర్టు తేల్చింది. కదలని కారు దగ్గర వేగం అంచనా వేయాల్సిన పనేముంది? ఎంత పద్ధతైన ఆలోచనో చూడండి. మ్యూనిక్ లోనో ఫ్రాంక్‌ఫర్ట్ లోనో ఉన్న మనవాళ్ళు పిల్లలకి కూడా వర్తించేలా లయబిలిటీ పాలసీ తీసుకునేది ఇందుకే. మనకి ఇక్కడ అలాంటి అలవాటు లేదు కాబట్టి పార్క్ చేసిన కారు గీకిన కేసుల్లో తల్లిదండ్రులే మొహమాటానికి ఎంతో కొంత ఇస్తారు. ఇచ్చేవాడు పై ఫ్లోర్ ఓనరైతే సరదాగా "అయ్యో వద్దండీ, పిల్లలు కదా" అంటాం. ఇదే కారాయన నిరుడు పక్క ఫ్లాటు వాళ్ళ పాప తలుపు మీద రాయితో పూల బొమ్మ గీస్తే అలాగే అన్నాడు. నాకు కోపం వచ్చింది అక్కడ.

సరే, కారు దగ్గరికి వద్దాం. మనవాళ్ళలో చాలామందికి తెలియని మొదటి విషయం: ఓన్ డ్యామేజ్ క్లెయిముకి తప్పెవరిది అన్నది అడ్డు కాదు. లైసెన్సు చెల్లుబాటులో ఉండి, తాగకుండా నడిపి ఉంటే, తప్పు మీదైనా పిల్లాడిదైనా కుక్కదైనా మీ బంపరు డబ్బులు మీ కంపెనీ ఇస్తుంది. కాబట్టి కథలు అల్లాల్సిన అవసరమే లేదు. అయినా షోరూం సర్వీస్ అడ్వైజరు ఏమంటాడు? "యాక్సిడెంట్ అని రాయకండి సార్, పిల్లరుకి తగిలిందని రాసేద్దాం, తొందరగా అయిపోతుంది." ఆయనకి కావాల్సింది బండి షెడ్డులోంచి బయటికెళ్ళడం. మనం సంతకం పెట్టేస్తాం. మూడు నెలల తర్వాత పిల్లాడి తరఫువాళ్ళు ట్రైబ్యునల్లో కేసు వేశారనుకోండి. అప్పుడు బీమా కంపెనీ ఫైల్లో, అదే తేదీన, మీ సంతకంతో, "సెల్లార్లో పిల్లరుకి తగిలింది" అని ఉంటుంది. పాలసీలో తప్పుడు సమాచారం గురించి రాసిన వాక్యాన్ని ఆ రోజు వాళ్ళు మీకు చదివి వినిపిస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

రెండోది, థర్డ్ పార్టీ భాగం. మనం కట్టే ప్రీమియంలో ఇది విడిగా ఉంటుంది, రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది (2022 జూన్ నాటి నోటిఫికేషన్లో 1000 నుంచి 1500 సీసీ కారుకి ఏడాదికి 3,416). దీని కింద మనిషికి జరిగిన హానికి ఇచ్చే పరిహారానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు. అవతలివాళ్ళ ఆస్తికైతే ఏడున్నర లక్షల దాకా. పిల్లల కేసుల్లో పరిహారం ఎలా లెక్కకట్టాలో 2013 లో సుప్రీంకోర్టు ఒక కొలమానం ఇచ్చింది. శాశ్వత వైకల్యం పది శాతం లోపైతే లక్ష, ముప్ఫై దాకా మూడు లక్షలు, అలా తొంభై దాటితే ఆరు లక్షలు, వైద్యం ఖర్చులు వేరే. 2020 లో, మెదడు దెబ్బతిని జీవితాంతం మంచానికి అంకితమైన ఒక పన్నెండేళ్ళ అమ్మాయి కేసులో అదే కోర్టు 62 లక్షలు దాటించింది. ఆ అంకె ఎవరైనా జేబులోంచి ఇవ్వగలరా? అందుకే కదా మూడు వేల చిల్లర ప్రతి ఏడాదీ కట్టేది. పిల్లాడికి దెబ్బ తగిలాక కంపెనీకి చెప్పకుండా దాచడం అంటే, కట్టిన ఛత్రీ ఇంట్లో పెట్టి వర్షంలో తడవడం.

దీంట్లో ఒక మెలిక ఉంది, అందరూ గమనించరు. పాలసీ షరతుల్లో, కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా మీరు బాధ్యత ఒప్పుకోవడం గానీ, ఇంత ఇస్తానని మాట ఇవ్వడం గానీ చేయకూడదని ఉంటుంది. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర, పెద్దమనుషుల సమక్షంలో, స్టాంపు కాగితం మీద "నా తప్పు వల్ల జరిగింది, ఇరవై వేలు ఇచ్చి రాజీ చేసుకున్నాము" అని రాసుకుంటారే, సరిగ్గా అదే ఆ షరతుకి విరుద్ధం. పైగా మైనరు తరఫున తండ్రి చేత సంతకం పెట్టించుకున్న ప్రైవేటు రాజీ ఆ పిల్లాడి హక్కుని పూర్తిగా కట్టిపడేస్తుందని ధైర్యంగా పడుకోకండి. అటు కంపెనీ దూరమై, ఇటు కేసూ పోక, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది బతుకు.

అయితే ఆస్పత్రి బిల్లు కట్టొద్దా? కట్టండి. ఎవడేమన్నా కట్టండి. పిల్లాడికి వైద్యం చేయించడం చట్టం మీకు అప్పజెప్పిన పనే, దాన్ని ఎవరూ నేరం ఒప్పుకోలుగా చూడరు. రసీదులు మాత్రం దాచుకోండి, తండ్రికీ ఒక కాపీ ఇవ్వండి. పరిహారం కోసం ట్రైబ్యునల్‌కి వెళ్ళే హక్కు ఉందని కూడా మీరే ఆయనకి చెప్పండి. (ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఎవడు చెప్తాడు? కానీ డబ్బు మీది కాదు కదండీ, కంపెనీది.) 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. దాని మీద సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు వెళ్ళాయి. ఆ గొడవ ఎలా ఉన్నా ఆరు నెలల లోపే వేసుకోవడం మేలు.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న లెక్క. ఎన్సీబీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద మాత్రమే వస్తుంది. క్లెయిము లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్ళకి 50. ఒక్క క్లెయిము చేస్తే మామూలుగా మళ్ళీ సున్నా. బోనస్ తీయక ముందు మీ ఓడీ ప్రీమియం 10,000 అనుకుందాం, ఏటా అంతే ఉంటుందనుకుందాం. మీరు 50 శాతం మీద ఉన్నారు, అంటే 5,000 కడుతున్నారు. క్లెయిము చేస్తే వచ్చే ఏడు 10,000, తర్వాత 8,000, 7,500, 6,500, 5,500, ఆ పైన మళ్ళీ 5,000. అదనంగా కట్టింది మొత్తం 12,500. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 14,750. నిజానికి కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి ఇంతకంటే కొంచెం తక్కువే పోతుంది.

మరి వచ్చేదెంత? ఆ 14,500 ఎస్టిమేట్లో బంపరు 8,000, పెయింటు 4,500, లేబరు 2,000 అనుకోండి. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్ భాగాలకి సగం కోత, అంటే బంపరుకి 4,000 వస్తుంది. పెయింటులో పావు వంతుని మెటీరియల్ ఖర్చుగా లెక్కేసి దాంట్లో సగం తీస్తారు, అది ఓ 560. పైన 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి కోత 1,000. చేతికొచ్చేది సుమారు 8,900. దానికోసం దాదాపు 14 వేల బోనస్ వదులుకోవడం తెలివితక్కువతనమే. అదే జీరో డెప్ ఉన్న కొత్త కారు, ఇంకా బోనస్ మొదలు కాలేదు అనుకోండి. వచ్చేది 13,500, పోయేది అదే 10,000 లెక్కన అయిదేళ్ళలో మొత్తం 5,000, జీఎస్టీతో 5,900. కళ్ళు మూసుకుని క్లెయిము చేసుకోవచ్చు. ఎన్సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉంటే లెక్కే వేరు.

కాబట్టి 50 శాతం మీదున్న మా కారాయన "ఎన్సీబీ పోతుంది" అనడం అర్థమెటిక్ ప్రకారం తప్పు కాదు. ఆయనకి ఉన్న దారులు రెండే. క్లెయిము చేసి బోనస్ వదులుకోవడం, లేదా బోనస్ ఉంచుకుని సొంత డబ్బుతో బాగు చేయించుకోవడం. మూడో దారి ఒకటి కనిపెట్టి దానికి వాచ్‌మన్ని ఫైనాన్సరుగా పెట్టుకున్నాడు, అదీ వడ్డీ లేకుండా! షోరూం తప్ప వేరే ప్రపంచం లేదన్నట్టు ఉంటారు గానీ, బయట డెంటింగ్ పెయింటింగ్ షెడ్లలో పగిలిన బంపరుకి ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, రంగు కలిపి, సగానికంటే తక్కువకే ఇస్తారు. ఏడాది తర్వాత దగ్గర్నుంచి చూస్తే షేడు కాస్త తేడా కనిపిస్తుందేమో, కనిపించనీండి.

ఇంకొందరు ఘనులున్నారు. అవతలివాడి దగ్గర డబ్బూ పట్టుకుంటారు, రెన్యువల్ ముందు పాత గీతలన్నీ కలిపి ఒకే క్లెయిములో వేసి కారంతా పెయింటూ కొట్టించుకుంటారు. ఒకే నష్టానికి రెండు చోట్ల వసూలు చేయడం ఇన్సూరెన్స్ మూల సూత్రానికే విరుద్ధం. విడివిడి సంఘటనలకి విడివిడి క్లెయిములు, విడివిడి కోతలు ఉండాలి. సర్వేయరు అనుభవమున్నవాడైతే తుప్పు చూసి ఏ గీత ఎప్పటిదో చెప్పేస్తాడు.

మా అసోసియేషన్ కథ ఏమైందంటారా? రెండు నెలలు పట్టుకున్నారు. తర్వాత పై ఫ్లోర్లో ఉండే ఒక లాయరు గారు "ఏ లెక్కన కోస్తున్నారో ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి, చూద్దాం" అన్నారు. కాగితం ఎవరూ రాయలేదు. మూడో నెల జీతం పూర్తిగా ఇచ్చారు. పట్టుకున్న నాలుగు వేలు తిరిగిచ్చారా అంటే, లేదు. అడుగుతూనే ఉన్నాం.

చివరగా ఒక చిన్న చెకింగు. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి థర్డ్ పార్టీ మూడేళ్ళకి ఒకేసారి ఇస్తున్నారు. చాలామంది ఓన్ డ్యామేజ్ ఒక ఏడాదికే తీసుకుని, పాలసీ మొత్తం మూడేళ్ళుందని నిశ్చింతగా తిరుగుతుంటారు. ఓడీ ముగిసి 90 రోజులు దాటితే ఇంత గొడవపడి దాచుకున్న ఎన్సీబీ కూడా గోవిందా. మెయిల్లో ఆ పీడీఎఫ్ తీయండి. అందులో తేదీలు రెండు ఉంటాయి, రెండూ చూడండి.